ప్రామాణిక నడుము

లక్కోజు సోమలింగాచారి నడుము సర్కారువారి నడుము అయిన నాటికి ఆయన సొంత ఇల్లు పునాది మట్టం దాటి, గుమ్మం కోసం ఎదురుచూస్తోంది. గుమ్మం ఎత్తితే గాని గోడ లేవదు. ఊళ్ళో సగం ఇళ్ళకి గుమ్మాలెత్తిన చెయ్యి ఆయనది. తను మాత్రం ఇన్నేళ్ళూ అద్దెకొంపలో, ఎత్తి పట్టుకుంటే గాని గడియ పడని తలుపు వెనక కాపరం చేశాడు. ఇన్నాళ్ళకి టేకు దుంగ తెచ్చి, కోసి, ఆరబెట్టి, పైకమ్మి మీద చిలకలూ పద్మాలూ చెక్కుకున్నాడు. శ్రావణ శుద్ధ దశమి పొద్దున్న ముహూర్తం. ఆ గుమ్మాన్ని తన చేత్తో తనే నిలబెట్టుకోవాలన్నది ఆయనకున్న ఒకే ఒక కోరిక. దానికి సర్కారు అడ్డం వస్తుందని ఆయనేం కలగన్నాడా? సర్కారుకి అంతకుముందు ఆయన ఇల్లెక్కడో కూడా తెలీదు.

ఆ ఏడే వృత్తి పరికర సౌఖ్య మండలి అని ఒకటి పుట్టింది. ఎవరో పెద్దలు విదేశాలు తిరిగొస్తూ, అక్కడి వడ్రంగులు నడుముకి తోలు బెల్టు బిగించి, దాని జేబుల్లో సుత్తీ ఉలీ మేకులూ పెట్టుకుని దొరబాబుల్లా నడవడం చూసొచ్చారు. మన వడ్రంగులు యూరియా సంచిలో పనిముట్లు పడేసుకుని సైకిలు హ్యాండిలుకి తగిలించుకుపోవడం తల్చుకుంటే వాళ్ళకి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ కన్నీళ్ళలోంచి మండలి పుట్టింది. మండలికి ఒక భవనం, భవనానికి ఒక డైరెక్టరు, డైరెక్టరుకి ఒక జీపు వచ్చాయి. బెల్టు ఒక్కటే రావలసి ఉంది.

బెల్టు అంటే మాటలా? అది సుఖంగా ఉండాలి. సుఖం అందరికీ ఒక్కలా ఉండాలి. అందుకని ప్రమాణాల అధికారి దివాకరం గారు జిల్లాలోని వడ్రంగులందర్నీ పిలిపించి, వరసలో నిలబెట్టి, నడుములు కొలిపించి, సగటు తీయించారు. ముప్పై నాలుగుంపావు అంగుళాలు తేలింది. అచ్చంగా ఆ కొలత, వెంట్రుకవాసి తేడా లేకుండా, వచ్చిన నడుము సోమలింగాచారిది.

"ఆచారి గారూ, తమరి నడుము ఇకపై తమరిది కాదు," అన్నారు దివాకరం గారు గంభీరంగా. "అది ప్రమాణం."

సోమలింగం బెదిరిపోయాడు. "నేనేం చేశానండి?"

"తమరేమీ చేయలేదు. అదే దాని విశిష్టత. ఏ ప్రయత్నమూ లేకుండా సగటుగా ఉండగలగడం అందరి వల్లా కాదు."

పొగడ్త అంటే సోమలింగం చెవి కోసుకుంటాడు. కాస్త ధైర్యం వచ్చి, "అయ్యా, బెల్టుకి నాలుగు చిల్లులెట్టిస్తే ఎవడి నడుముకి ఆడు బిగించుకుంటాడు కదండి," అన్నాడు.

దివాకరం గారు చిన్నపిల్లాడి మాట విన్నట్టు నవ్వారు. "నాలుగు చిల్లులుంటే నాలుగు ప్రమాణాలు. నాలుగు ప్రమాణాలుంటే ప్రమాణం లేనట్టే. ఎవరికి వారు బిగించుకుంటామంటే ఇక మండలి ఎందుకు?"

హాల్లో వడ్రంగులంతా చప్పట్లు కొట్టారు.

సన్మానం జరిగింది. దండ మెడలో వెయ్యబోయి, సన్మానం మెడకి కాదు గదా అని నడుముకి చుట్టారు. ఫొటో తీసి, పటం కట్టించి, కార్యాలయంలో గడియారం కింద తగిలించారు. పక్కటెముకల నుంచి తొడల దాకా ఉన్న ఫొటో అది. కింద పేరు రాసుంది కాబట్టి సరిపోయింది గాని, సొంత బావమరిది వచ్చినా పోల్చుకోలేడు.

దండతో సహా ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి కనకరత్నం చేతిలో చేట కింద పెట్టింది.

"ఏటండీ ఇది? మొలకి పూలేంటి?"

సోమలింగం అంతా చెప్పాడు. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వి, "పెళ్ళయి ఇన్నేళ్ళయ్యింది, మీలో ఇంత గొప్పది ఒకటుందని నాకు తెలీనే లేదు. నడుము గారు భోంచేస్తారా, ఆగుతారా?" అంది.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఆయన నడుముకి గారు తప్పలేదు.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. దివాకరం గారే స్వయంగా వచ్చి, అరుగు మీద నిలబడి చదివారు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రామాణిక నడుము యథాతథ స్థితిలో పరిరక్షింపబడవలెను. వంగరాదు. బరువులెత్తరాదు. గొంతుక్కూర్చొనరాదు. ఉపవాసములు, విందులు నిషిద్ధము. అపరిమితముగా నవ్వరాదు."

"పనండీ?" అన్నాడు సోమలింగం.

"పని నడుమును అరగదీయును. కావున నిషిద్ధము. జీతం మండలి ఇస్తుంది."

పని లేకుండా జీతం అనగానే సోమలింగానికి ముందు ముచ్చటేసింది. తరవాత గుమ్మం గుర్తొచ్చింది. "అయ్యా, శ్రావణంలో మా ఇంటి గుమ్మం ఎత్తాలండి. వంగకుండా ఎలాగండి?"

"ఇతర వడ్రంగులు లేరా? వారు వంగుతారు. వారి నడుములకు హోదా లేదు."

ఆ మాట నిజమే అనుకున్నాడు సోమలింగం. వారం తిరక్కుండానే ఆ ఇతర వడ్రంగులు కూడా లేకుండా పోయారు.

ఎందుకంటే బెల్టు ముప్పై నాలుగుంపావుకి కుట్టాలని తేలింది గదా, మిగతా నడుములు ఆ బెల్టుకి సరిపడాలి. దానికోసం మండలి పాత పత్తి గోదాములో నడుము సవరణ శిబిరం పెట్టింది. సన్నగా ఉన్నవాళ్ళకి పొద్దున నేతి సున్నుండలు, మధ్యాహ్నం మీగడ పెరుగు. లావుగా ఉన్నవాళ్ళకి గోదాము చుట్టూ నడక, సాయంత్రం కాకరకాయ రసం. ప్రమాణానికి వచ్చినవాడికి పత్రం ఇచ్చి పంపుతారు. రానివాడికి సెలవు లేదు. లావువాళ్ళు నడుస్తూ సున్నుండల వాసన పీల్చి బలిసేవారు. సన్నవాళ్ళు వాళ్ళ ఆయాసం చూసి దిగులుతో చిక్కిపోయేవారు.

ఊళ్ళో వడ్రంగి అన్నవాడు లేడు. వానలకి ఉబ్బిన తలుపులు ఉబ్బినట్టే ఉండిపోయాయి. మునసబు గారి మనవడు బాత్రూములో ఇరుక్కుపోతే కిటికీలోంచి అన్నం అందించారు. పెళ్ళివారింట్లో కొత్త పందిరి మంచం కోళ్ళు ఊగుతుంటే నాలుగు వైపులా నలుగురు పేరంటాళ్ళు పట్టుకు కూచున్నారని చెప్పుకున్నారు. అదెంత నిజమో తెలియదు గాని, ఆ పెళ్ళికొడుకు మాత్రం కొన్నాళ్ళు ఎవరి మొహమూ చూడలేదు.

వీధిలో సోమలింగం నిటారుగా నడుస్తుంటే జనం దారిచ్చేవారు. "ప్రమాణం వస్తోంది, తప్పుకోండ్రా." రిక్షావాడు డబ్బు పుచ్చుకునేవాడు కాదు. సోమలింగం వంగి నమస్కారం పెట్టడానికి వీల్లేదు గనక, అందరికీ తల మాత్రం ఆడించేవాడు. అది పొగరనుకున్న జనం మరింత గౌరవించారు. ఆయనకీ బాగానే ఉంది, ఒప్పుకోవాలి. చెప్పు కింద పడితే కనకరత్నం తీసిచ్చేది, "నడుము గారికి శ్రమ" అంటూ.

వారం వారం సుగుణ అనే కొలతల అమ్మాయి టేపుతో వచ్చేది. మొదట్లో ముప్పై నాలుగుంపావు. తరవాతా ముప్పై నాలుగుంపావే, కాస్త బిగించి లాగితే. తెల్లారి లేస్తే బాడిస పట్టే మనిషి, రంపం లాగే మనిషి, ఇప్పుడు అరుగు మీద కూచోడానికి కూడా భయపడి గోడకి చేరగిలబడి రోజులు గడుపుతున్నాడు. ఆషాఢం వచ్చేసరికి ప్రమాణానికి చిన్న బొజ్జ వచ్చింది.

"బాబాయి గారూ, గాలొదలండి," అంది సుగుణ.

"వదిలేశానమ్మా."

"ఇంకా వదలండి."

"ఇంకా వదిలితే పోయేది గాలి కాదు తల్లీ."

టేపు ముప్పై ఆరు దగ్గర ఆగింది. సుగుణ మొహం తెల్లబోయింది. పిట్టగోడ అవతల నుంచి కనకరత్నం, "నడుము గారికి ప్రమోషన్ వచ్చిందేమో చూడమ్మా," అంది.

సాయంత్రానికల్లా దివాకరం గారు వచ్చారు. తనే కొలిచారు. కూచోబెట్టి కాదు, నిలబెట్టే. పక్కకి తిప్పి కొలిచారు. కళ్ళు మూసుకుని కొలిచారు. తరవాత సుగుణ వైపు తిరిగారు.

"ప్రమాణం అనగా ఏమిటమ్మా?"

"మారనిది సార్."

"ఈ నడుము ఏమిటి?"

"ప్రమాణం సార్."

"మరి ఇక్కడ మారినది ఏది?"

సుగుణ ఒకసారి సోమలింగం బొజ్జ వైపు చూసింది. ఆ అమ్మాయిది కాంట్రాక్టు ఉద్యోగం. "టేపు సార్," అంది.

"శభాష్. టేపు కుంచించుకుపోయింది. వర్షాకాలంలో ఇది సహజం."

మండలి అత్యవసరంగా సమావేశమై, జిల్లాలోని టేపులన్నీ కుంచించుకుపోయాయని తీర్మానించింది. పాత టేపులు జప్తు చేశారు. ప్రామాణిక నడుము చుట్టూ తాడు చుట్టి, ఆ తాడుని ముప్పై నాలుగుంపావు భాగాలు చేసి, ఒక్కొక్క భాగాన్ని అంగుళం అన్నారు. ఆ అంగుళంతో కొత్త టేపులు అచ్చయ్యాయి.

ఇంక చూసుకోండి. పడుకునేటప్పుడు ఆరడుగులున్న మనిషి లేచేసరికి అయిదున్నర చిల్లరయ్యాడు. పోలీసు ఎంపికలకి వచ్చిన కుర్రాళ్ళు ఒక్కడూ ఎత్తుకి సరిపోలేదు. బట్టల కొట్లో ఆడవాళ్ళు కొత్త టేపుతో జాకెట్టు గుడ్డ కోయించుకుంటే చేతులకి కుచ్చులు కూడా వచ్చాయి. షావుకార్లు గల్లాపెట్టె మీద తలలు పెట్టుకు కూచున్నారు. అన్నిటికన్నా పెద్ద గొడవ ఇళ్ళ స్థలాల దగ్గర వచ్చింది. ఊళ్ళో ప్రతి స్థలమూ కాగితంలో రాసినదానికన్నా తక్కువ తేలింది. మా స్థలంలోకి జరిగావంటే మా స్థలంలోకి జరిగావని పక్కవాళ్ళు పక్కవాళ్ళ మీద పడ్డారు. తీరా చూస్తే అందరిదీ తగ్గింది. మరి తగ్గిన భూమి ఎటు పోయింది? అది కనిపెట్టడానికి లుప్త భూమి విచారణాధికారి అని ఒకాయన్ని వేశారు. ఆయన టార్చిలైటు పట్టుకుని ఇళ్ళ మధ్య సందుల్లో తిరిగేవాడు.

శిబిరంలో మాత్రం పండగే. అప్పటికే ప్రమాణానికి వచ్చి, పత్రాల కోసం వరసలో నిలబడ్డవాళ్ళంతా కొత్త టేపు ప్రకారం సన్నవాళ్ళయిపోయారు. లావువాళ్ళు కూడా సన్నవాళ్ళయ్యారు. వాళ్ళందరూ కొత్త టేపుకి కొబ్బరికాయ కొట్టి సున్నుండల దగ్గర కూచున్నారు.

సంబరంలో లేనిది సోమలింగం ఒక్కడే. ముహూర్తం దగ్గర పడింది. గుమ్మం ముక్కలు ఇసక మీద పడున్నాయి. వంగేవాడు లేడు. ఆయన కార్యాలయానికి వెళ్ళి, తన నడుము పటం కింద నిలబడి, ఒక్క పూట సెలవడిగాడు.

"సెలవా?" అన్నారు దివాకరం గారు. "తమరు నిరభ్యంతరంగా వెళ్ళి రావచ్చు. నడుమును మాత్రం ఇక్కడ ఉంచి వెళ్ళాలి."

"అదెలాగండి?"

"అది తమరు ఆలోచించుకోవలసిన విషయం. మండలికి తమరి మీద అధికారం లేదు. నడుము మీదే ఉంది."

"పోనీ రాజీనామా చేసేస్తానండి."

"ప్రమాణాలు రాజీనామా చేసిన దాఖలా లేదు. అంతగా అవసరమైతే బజార్లో ఇనుప చట్రాలు దొరుకుతున్నాయి. అవి వంగనవసరం లేకుండా బిగించుకోవచ్చు."

ఆ మాట ఇంటికొచ్చి చెబితే కనకరత్నం మొదటిసారి నవ్వలేదు.

"వడ్రంగి ఇంటికి ఇనప గుమ్మం పెడితే ఊరేమనుకుంటది? వడ్రంగి చచ్చిపోయాడనుకుంటది," అంది. "ఆ గుమ్మంలోంచి నేను కాలు లోపల పెట్టను. మీరూ మీ నడుము గారూ వెళ్ళి కాపరం చేసుకోండి."

"పటం తీసేస్తారే."

"తియ్యనీండి. మొహం లేని ఫొటోకి దండేసినా ఒకటే, తీసేసినా ఒకటే."

సోమలింగానికి ఆ రోజు అన్నం సయించలేదు. దాంతో నడుము తగ్గుతుందేమోనని ఇంకో భయం.

దశమి తెల్లారింది. కనకరత్నం ఇసక మీదున్న గడపకి పసుపు రాసి, పైకమ్మికి మామిడాకులు కట్టింది. పురోహితుడు వచ్చి పునాది మీద పీట వేసుకున్నాడు. ఇరుగుపొరుగు నలుగురు వచ్చారు గాని చెక్క పట్టుకోవడం తప్ప నిలబెట్టడం చేతకాదు. సోమలింగం కండువా తలకి చుట్టి, పంచె ఎగ్గట్టి, వంగడానికి మోకాలు మడిచాడో లేదో, వీధి మొదట్లో జీపు హారను మోగింది. మోకాలు అక్కడే ఆగిపోయింది.

జీపులోంచి డైరెక్టరు గారు దిగారు. వెనకాల దివాకరం గారు, సుగుణ, ఫొటోగ్రాఫరు, అతని సహాయకుడు, పట్టుగుడ్డ కప్పిన పళ్ళెంతో ఒక జవాను. పళ్ళెంలో ఉన్నది మండలి తయారుచేసిన మొట్టమొదటి బెల్టు. మందపాటి తోలు, కంచు బకిల్సు, సుత్తికో జేబు, ఉలికో జేబు, రసమట్టానికి ఇంకో జేబు. చూడ్డానికి ఏనుగు మీద వెయ్యాల్సిన సొమ్ములా ఉంది.

"ఇతనేనా ప్రమాణం?" అన్నారు డైరెక్టరు గారు. "మంచిది. బెల్టు కట్టండి. పని చేస్తున్నట్టు ఒక ఫొటో రావాలి. అదుగో, ద్వారబంధం సిద్ధంగానే ఉంది."

దివాకరం గారి మొహంలో రంగు మారింది. "సార్, ప్రమాణం వంగరాదని మన ఉత్తర్వు ఉంది."

"వంగకపోతే పని చేస్తున్నట్టు ఎలా ఉంటుందయ్యా? ఏదో గోడకి ఆనించిన నిచ్చెనలా ఉంటాడు."

దివాకరం గారు కళ్ళు మూసుకున్నారు. ఎంత కష్టమైన ఫైలైనా ఆయన కళ్ళు మూసుకుంటే దారి దొరుకుతుందని ప్రతీతి. తెరిచి, "ఛాయాచిత్ర నిమిత్తం వంగిన వంపును వంపుగా పరిగణించనవసరం లేదు సార్," అన్నారు.

జవాను నడుముకి బెల్టు కట్టి, సుత్తీ ఉలీ జేబుల్లో పెడుతుంటే సోమలింగం తక్కిన మాటలేవీ వినలేదు. వంగొచ్చన్న ఒక్క ముక్కే విన్నాడు. "అయితే పట్టండి బాబూ," అంటూ జవానుని ఒక నిలువుకమ్మి దగ్గరకి, ఫొటోగ్రాఫరు సహాయకుణ్ణి రెండో నిలువుకమ్మి దగ్గరకి తోశాడు. ఇరుగుపొరుగు పైకమ్మి ఎత్తారు. దివాకరం గారు ఊరికే నిలబడితే, కనకరత్నం "మీరూ ఒక చెయ్యెయ్యండి బాబూ, పుణ్యం" అని తాడు చేతికిచ్చింది. గుమ్మం లేచింది.

నిలబడ్డంతసేపు బెల్టు బాగానే ఉంది. గడప దగ్గర చీల దిగ్గొట్టాలని సోమలింగం గొంతుక్కూచున్నాడు. బకిల్సు బొజ్జలో దిగింది. సుత్తి కాడ చంకలో పొడిచింది. ఉలి జేబులోంచి జారి ఇసకలో పడింది. "అబ్బా" అని లేచాడు. లేస్తే హాయిగానే ఉంది. మళ్ళీ కూచున్నాడు. మళ్ళీ దిగింది. గుమ్మం ఒక పక్కకి ఒరుగుతోంది. దివాకరం గారి తాడు జారుతోంది.

"ఆచారీ, ఘడియ దాటిపోతోందయ్యా," అన్నాడు పురోహితుడు.

సోమలింగం ఒక్కసారి కనకరత్నం మొహం చూశాడు. సుత్తి తీసుకుని, బెల్టు విప్పి, ఎవరికిస్తున్నాడో చూడకుండా పక్కకి చాచాడు. అది డైరెక్టరు గారి చేతుల్లో పడింది. ఇసకలో పడ్డ ఉలి తీసి మొల్లో దోపుకుని, కాలి వేళ్ళతో చీల నొక్కిపట్టి, సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. తూకపు గుండు వదిలి చూశాడు. గుమ్మం నిలబడింది. కనకరత్నం కొబ్బరికాయ కొట్టింది. ఎవరో కుంకుమ చల్లితే సగం దివాకరం గారి చొక్కా మీద పడింది.

"ఎందుకయ్యా విప్పావు?" అన్నారు డైరెక్టరు గారు.

"కూచుంటే పొడుస్తోందండి."

"కూచోవడం దేనికి?"

"పనికండి. మేం కింద కూచునే కదండి చేసేది."

డైరెక్టరు గారు దివాకరం గారి వైపు తిరిగారు. "వీళ్ళు కూచుని పని చేస్తారా?"

"సర్వేలో ఆ ప్రశ్న లేదు సార్," అన్నారు దివాకరం గారు తాడు చుట్టుకుంటూ. "అందర్నీ నిలబెట్టే కొలిచాం." తరవాత సోమలింగం మీద విరుచుకుపడ్డారు. "ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"పటం కట్టారన్న సంబరంలో నాకే తట్టలేదండి," అన్నాడు సోమలింగం. అది అబద్ధం కాదు.

డైరెక్టరు గారు చేతిలో బెల్టు అటూ ఇటూ తిప్పి చూసి, తనే కట్టుకున్నారు. బకిల్సు అందని మేర దివాకరం గారు తన చేతిలో తాడుతో ముడేశారు. సుత్తి జేబులో కళ్ళజోడు పెట్టుకున్నారు. ఉలి జేబులో పెన్ను, రసమట్టం జేబులో ఫోను. రెండడుగులు ఇటు, రెండడుగులు అటు నడిచారు. ఆయన మొహం పసిపిల్లాడి మొహంలా విప్పారింది.

"ఎంత హాయిగా ఉందయ్యా దివాకరం. దీంట్లో ఏ దోషమూ లేదు. దోషమంతా కూచోవడంలో ఉంది."

"రాసుకుంటున్నాను సార్."

"సుఖం నిలబడే వృత్తులకి ఇవ్వాలి. కూచునేవాళ్ళకి ఇచ్చి వృథా చెయ్యకూడదు. మన ఉద్యోగులతో మొదలుపెడదాం."

"చిత్తం. అయితే సార్, ఈ నడుము వంగినందువల్ల దీనికి రెండు కొలతలు ఏర్పడ్డాయి. ఇది ప్రమాణంగా పనికిరాదు. తమరి నడుము చూస్తే..." అని దివాకరం గారు వినయంగా ఆగారు.

సుగుణ అప్పటికే టేపు తీసింది. డైరెక్టరు గారి నడుము చుట్టూ వెయ్యడానికి పురోహితుడి సాయం కూడా కావలసి వచ్చింది. ఆ కొత్త అంగుళంతో ఇంకెవరెవరు పొట్టివాళ్ళవుతారో గాని, శిబిరంలో సున్నుండలకి మాత్రం ఇప్పట్లో లోటు లేదని అందరికీ అర్థమైంది.

"ఆచారి గారూ, తమరి నడుమును విడుదల చేస్తున్నాం," అన్నారు దివాకరం గారు. సోమలింగం చేతులు జోడించాడు.

డైరెక్టరు గారు టాపు లేని జీపెక్కి సీట్లో కూలబడబోయి, "హమ్మా" అని లేచారు. మళ్ళీ నెమ్మదిగా కూచోబోయారు. మళ్ళీ లేచారు. బెల్టు విప్పితే పోయేది. కాని ప్రమాణం నడుమునుంచి బెల్టు విప్పడమేమిటని దివాకరం గారు ఒప్పుకోలేదు. చివరికి ముందు అద్దం పట్టుకుని నిటారుగా నిలబడ్డారు. ఆయన వెనక దివాకరం గారు కూడా గౌరవంగా నిలబడ్డారు. దివాకరం గారు నిలబడ్డాక సుగుణ కూచుంటుందా? జీపు మెల్లగా కదిలింది. వీధిలో జనం ఏవో ఎన్నికలొచ్చాయనుకుని చేతులూపారు. డైరెక్టరు గారు ఒక చెయ్యి వదిలి వాళ్ళకి నమస్కారం పెట్టబోయి, గుంతలో చక్రం పడితే మళ్ళీ అద్దాన్ని కావిలించుకున్నారు.

ఇరుగుపొరుగు నవ్వలేక, నవ్వాపుకోలేక చెదిరిపోయారు. పులిహోర అరిటాకుల్లో పెట్టి కనకరత్నం గుమ్మం దగ్గరకి వచ్చేసరికి, సోమలింగం కిందకి వంగి ఉన్నాడు. లేచాడు. మళ్ళీ వంగాడు.

"ఏం పారేసుకున్నారు?" అంది ఆవిడ.

"ఏం లేదు."

ఇంకోసారి వంగి, కాలివేళ్ళు ముట్టుకుని, నెమ్మదిగా లేచాడు.

"మరెందుకలా వంగుతున్నారు?"

"బాగుందే," అన్నాడు సోమలింగం. గుమ్మంలోంచి లోపలికి, ఇంకా లేవని గోడల మధ్యకి అడుగుపెట్టి, అక్కడ కూడా ఒకసారి వంగి చూసుకున్నాడు.